కలలో కరెంటొచ్చింది

మూడు వారాల పాటు మా ఇంట్లో తెల్లవారుజామున మూడున్నరకి అలారం మోగింది. లేచేదాన్ని. ఓ నలభై నిమిషాలు మేలుకుని ఉండేదాన్ని. మళ్లీ వెళ్లి పడుకునేదాన్ని.

మొదటి రోజు మా ఆయన 'ఏం, మళ్లీ పరీక్షలు రాస్తున్నావా?' అన్నారు. కోడలు తెల్లవారకముందే లేస్తోందని విని మా అత్తగారు ఫోనులో ఎంతో సంతోషించారు. లేచి మళ్లీ పడుకుంటోందని తెలిసి అంతే నొచ్చుకున్నారు. రెండో తరగతి చదువుతున్న మా అమ్మాయి మాత్రం సూటిగా అడిగేసింది.

'అమ్మా, అలారం లేవడానికి పెట్టుకుంటారు కదా. నువ్వు పడుకోవడానికి పెట్టుకున్నావా?'

నిజానికి నేను పెట్టుకుంది పడుకోవడానికి కూడా కాదు... కల కనడానికి!

నవ్వకండి. ఇందులో కాస్త శాస్త్రం ఉంది. అంతకన్నా ఎక్కువగా మా నాయన ఉన్నాడు.

ఇది కల అని తెలిస్తే...

కలలో ఉన్నప్పుడు అది కల అని మనకి తెలియదు. పులి తరుముతుంటే నిజంగానే పరుగెడతాం. పరీక్ష హాల్లో పెన్ను కనిపించక చెమటలు పట్టేస్తాయి. మెలకువ వచ్చాకే 'అమ్మయ్య, కలేనా!' అనుకుంటాం. అలా కాకుండా కల నడుస్తుండగానే 'ఇది కల' అని తెలిసిపోతే? దాన్ని ఇంగ్లిష్‌లో లూసిడ్ డ్రీమ్ అంటారు. మనం 'ఎరుక ఉన్న కల' అనుకుందాం. డచ్చి రచయిత, మనోవైద్యుడు ఫ్రెడరిక్ వాన్ ఈడెన్ 1913లో తన సొంత కలల మీద రాసిన వ్యాసంతో ఆ ఇంగ్లిష్ పేరు స్థిరపడింది. పేరు కొత్తదేమో కానీ సంగతి పాతదే. మెలకువ, కల, గాఢనిద్ర, వాటిని దాటిన నాలుగో స్థితి అంటూ మాండూక్యోపనిషత్తు ఎప్పుడో చెప్పింది. టిబెట్ బౌద్ధుల్లో అయితే కలలో ఎరుకతో ఉండటం కోసం స్వప్నయోగం అనే సాధనే ఉంది.

ఇదేదో యోగులకి మాత్రమే పట్టుబడే విద్య అనుకోనక్కర్లేదు. యాభై ఏళ్ల పరిశోధనల్ని పోగేసి 2016లో లెక్క కడితే, నూటికి 55 మందికి జీవితంలో ఒక్కసారైనా ఇలాంటి కల వచ్చిందని తేలింది. మీకూ వచ్చే ఉంటుంది. 'ఛ, ఇది కలే కదా' అని కలలోనే అనుకుని ఉంటారు.

మరి ఆ ఎరుకని కావాలని తెచ్చుకోవచ్చా? రావచ్చు, రాకపోవచ్చు. తెచ్చుకోవడానికి ఉన్న దారుల్లో బాగా పరీక్షకి నిలబడింది మాత్రం ఒకటుంది... నిద్ర మధ్యలో సరైన సమయానికి లేవడం.

సరదా కోసమైతే నేను నిద్ర చెడగొట్టుకునేదాన్ని కాదు. ఇరవై ఏళ్లకి పైగా నన్ను వదలని ఒక కల ఉంది. దాని లోపలికి ఒక్కసారి తెలిసి వెళ్లాలని నా కోరిక.

రాత్రి కరెంటు వారం

మా ఊరు కళ్యాణదుర్గం దాటాక కుందుర్పి వెళ్లే వైపు ఉంటుంది. అనంతపురం జిల్లా సంగతి మీకు తెలిసిందే. నైరుతి మేఘాల్ని పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్యం వానలు తూర్పు తీరం నుంచి మా దాకా వచ్చేసరికి చినుకులవుతాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. దేశంలో జైసల్మేర్ తర్వాత అంత తక్కువ వాన పడేది మా దగ్గరేనని బడిలో మాతో చదివించేవారు. అదేదో రెండో ర్యాంకు వచ్చినట్టు మేమూ గట్టిగా అప్పజెప్పేవాళ్లం.

మాకు 3 ఎకరాల చీనీ తోట ఉండేది. మూడు బోర్లు ఎండిపోతే నాలుగో దాంట్లో ఒకటిన్నర ఇంచి నీళ్లు పడ్డాయి. ఆ నీళ్లు తోడాలంటే కరెంటు కావాలి. మోటార్లకి కరెంటు రోజుకి కొన్ని గంటలే వచ్చేది. అదీ ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. రాత్రి వారం వచ్చిందంటే ఊళ్లో సగంమంది మగవాళ్లు తోటల్లోనే పడుకునేవారు. తోటలో కొట్టం, కొట్టంలో నులక మంచం, పైన స్విచ్చి వేసి ఉంచిన బల్బు. బల్బు వెలిగిందంటే కరెంటు వచ్చినట్టు.

అది ఎప్పుడు వెలుగుతుందో తెలియదు. పన్నెండనుకుంటే ఒంటిగంట కావచ్చు, రెండు కావచ్చు. వచ్చింది మధ్యలో పోవచ్చు. పోయి వస్తే మళ్లీ స్టార్టరు నొక్కాలి. ఆటో స్టార్టరు పెట్టుకుందామంటే, కరెంటు రాగానే అందరి మోటార్లూ ఒక్కసారిగా తిరిగి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతుందని వద్దనేవారు. కాలిపోతే బాగై వచ్చేలోపు తోట ఎండిపోతుంది. అందుకని మనిషే ఆటో స్టార్టరు. బల్బు వెలిగితే లేవాలి. మోటరు వెయ్యాలి. పాదు పాదుకీ నీళ్లు మళ్లించాలి. తడిసిన గెనాల మీద పాములుంటాయి. అలా వెళ్లి పాము కరిచో, షాకు కొట్టో మళ్లీ ఇంటికి రాని వాళ్ల కబుర్లు పేపర్లో జిల్లా పేజీలో ఓ మూల చిన్న వార్తలుగా వచ్చేవి. ఇప్పుడు అదే పేజీలు నేను రాస్తుంటాను కాబట్టి, ఆ చిన్న వార్త వెనక ఎంత పెద్ద రాత్రి ఉంటుందో నాకు తెలుసు.

2002లో నాకు పన్నెండేళ్లు. ఆ ఏడాది దేశమంతా కరువు. అమ్మకి తమ్ముడితో సరిపోయేది. అందుకని నాయనకి తోడుగా కొట్టానికి నేను వెళ్లేదాన్ని. నా పనల్లా బ్యాటరీ పట్టుకోవడం. మా వైపు టార్చిలైటుని బ్యాటరీ అంటాం. స్టార్టరు డబ్బా మీద వెలుగు వెయ్యాలి. కాలవ వెంట నాయన కాళ్ల ముందు వెలుగు వెయ్యాలి. నాయన పిలిస్తే లేవాలి. అంతే.

ఆ రోజు రాత్రి బల్బు వెలిగింది. 'పాపా, కరెంటొచ్చె. బ్యాటరీ తే' అని నాయన పిలిచాడు. నేను లేచాను. దుప్పటి తీశాను. తల దగ్గరున్న బ్యాటరీ అందుకున్నాను. చెప్పులు వేసుకుని నాయన వెనక నడిచాను. కాళ్లకి తడిమట్టి చల్లగా తగిలింది కూడా.

అంతలో కేక వినపడింది. కళ్లు తెరిస్తే నేనింకా మంచం మీదే ఉన్నాను. బ్యాటరీ తల దగ్గరే ఉంది.

లేచినట్టు కల వచ్చిందన్నమాట. దీనికీ శాస్త్రంలో పేరుంది... దొంగ మెలకువ. బడికి తయారై, జడ వేసుకుని, బస్సు కూడా ఎక్కేశాక 'లెయ్, టైమైంది' అని అమ్మ తడితే మంచం మీద ఉంటామే, అదే. బడి రోజు వస్తే నవ్వుకుంటాం. నాకు మాత్రం ఆ రాత్రి వచ్చింది.

నాయన చీకట్లో తడుముకుంటూ స్టార్టరు డబ్బా తెరిచాడు. తొడుగు ఊడిపోయిన వైరు ఒకటి చేతికి తగిలింది. ఎగిరి అవతల పడ్డాడు. ప్రాణం దక్కింది. కుడిచేతి రెండు వేళ్లు మాత్రం ఇప్పటికీ వంగవు. రాగిసంగటి ముద్దని మూడు వేళ్లతోనే తింటాడు. నేను ఎదురుగా కూర్చుని తినను.

అప్పట్నుంచీ అదే కల. బల్బు వెలుగుతుంది. నాయన పిలుస్తాడు. నేను లేస్తాను. బ్యాటరీ నొక్కుతాను. వెలగదు. ఎంత నొక్కినా వెలగదు. కేక వినపడుతుంది. మెలకువ వస్తుంది. పెళ్లయ్యాక కూడా వచ్చింది. పురిటి మంచం మీదా వచ్చింది. నెలకో, రెణ్నెల్లకో వస్తూనే ఉంది.

ఎరుక ఉన్న కలల గురించి ఆదివారం పేజీ కోసం చదవడం మొదలుపెట్టినప్పుడు, పదే పదే వచ్చే పీడకలలు ఉన్నవాళ్లకి ఈ సాధన నేర్పి చూస్తున్న వైద్యులూ ఉన్నారని తెలిసింది. వ్యాసం పక్కన పెట్టి అలారం పెట్టుకున్నాను.

మూడున్నరే ఎందుకంటే...

నిద్ర రాత్రంతా ఒకే తీరుగా ఉండదు. సుమారు 90 నిమిషాలకొక చుట్టు చొప్పున రాత్రికి నాలుగైదు చుట్లు తిరుగుతుంది. ప్రతి చుట్టులోనూ గాఢనిద్ర, కలల నిద్ర రెండూ ఉంటాయి కానీ వాటాలు సమానం కాదు. తొలి సగంలో గాఢనిద్రది పెద్ద వాటా. తెల్లవారే కొద్దీ కలల వాటా పెరుగుతుంది. మొదటి చుట్టులో కలల నిద్ర పది నిమిషాలుంటే గొప్ప. చివరి చుట్టులో అరగంట దాటుతుంది. ఆ సమయంలో రెప్పల కింద కనుగుడ్లు చకచకా కదులుతుంటాయి. ఈ సంగతిని అమెరికాలోని షికాగో యూనివర్సిటీలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ 1953లో బయటపెట్టారు. నిద్రపోయే మనిషి మెదడు రాత్రంతా ఖాళీగా ఉండదని లోకానికి తెలిసింది అప్పుడే.

తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందని మన పెద్దవాళ్లు అంటారు కదా. నిజమవుతుందో లేదో నేను చెప్పలేను గానీ, గుర్తుండేది మాత్రం ఆ కలే. అప్పుడే కలలు పొడుగ్గా ఉంటాయి, వాటి పక్కనే మెలకువా ఉంటుంది కాబట్టి.

కిటుకంతా అక్కడే ఉంది. ఐదారు గంటలు నిద్రపోయాక లేవాలి. అంటే గాఢనిద్ర బాకీ చాలావరకు తీరిపోయి ఉంటుంది. అరగంట నుంచి గంట లోపు మేలుకుని ఉండాలి. వెంటనే పడుకుంటే మెదడు మత్తు వదలదు. మరీ ఎక్కువసేపు కూర్చుంటే నిద్రే రాదు. ఆ తర్వాత పడుకుంటే నేరుగా కలల నిద్రలోకి, అదీ కాస్త తెలివి మిగుల్చుకుని జారుకునే అవకాశం పెరుగుతుంది. నేను పదింటికి పడుకుంటాను. ఐదున్నర గంటలు కలిపితే మూడున్నర. అదీ లెక్క.

మేలుకున్నంతసేపూ సెల్‌ఫోను చూడకూడదు. అంతకుముందు వచ్చిన కలని గుర్తు చేసుకోవాలి. అందులో విడ్డూరంగా ఉన్నదాన్ని పట్టుకోవాలి. పడుకునేటప్పుడు 'ఈసారి కల వస్తే అది కల అని గుర్తుపడతాను' అని మనస్ఫూర్తిగా అనుకోవాలి. ఊరికే వల్లించడం కాదు, సంతకి వెళ్లే వాళ్లతో 'వచ్చేటప్పుడు ఉప్పు తేవడం మర్చిపోవద్దు' అని చెప్పినట్టు మనకి మనమే చెప్పుకోవాలి. ఈ పద్ధతిని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో చదివిన స్టీఫెన్ లాబెర్జ్ రూపొందించారు. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ యూనివర్సిటీకి చెందిన డెన్‌హోమ్ ఆస్పీ 2017లో 169 మందితో పరీక్షలు చేశారు. మధ్యలో లేవడం, సంకల్పం చెప్పుకోవడం, పగలంతా 'ఇది కలా, నిజమా' అని పరీక్షించుకోవడం... ఈ మూడూ కలిపి వారం పాటు చేసినవాళ్లలో ఫలితం నూటికి 17 సార్లు. సంకల్పం చెప్పుకున్న ఐదు నిమిషాల్లోపే నిద్రలోకి జారుకోగలిగితే 46. అంటే రెండోసారి నిద్ర ఎంత తొందరగా పడితే అంత మంచిదన్నమాట.

కల కంటున్న మనిషి నిజంగానే ఎరుకతో ఉన్నాడని బయటివాళ్లకి ఎలా తెలుస్తుందీ అంటారా? నాకూ అదే అనుమానం వచ్చింది. కలల నిద్రలో ఒళ్లంతా కట్టేసినట్టు ఉంటుంది. లేకపోతే కలలో పరిగెత్తేవాళ్లం మంచం దిగి పరిగెత్తేస్తాం. కనుగుడ్లకి మాత్రం ఆ కట్టు ఉండదు. ఇంగ్లండులోని హల్ యూనివర్సిటీలో కీత్ హెర్న్ 1975లో ఈ కిటుకే వాడారు. కల అని తెలియగానే కళ్లని కుడికీ ఎడమకీ ఇన్నిసార్లు తిప్పాలని ముందే మాట్లాడుకున్నారు. నిద్రలో ఉన్న మనిషి అలాగే తిప్పాడు. యంత్రం మీద గీతలు పడ్డాయి. 2021లో నాలుగు దేశాల పరిశోధకులు ఇంకో మెట్టెక్కారు. కలలో ఉన్నవాళ్లని 'ఎనిమిదిలోంచి ఆరు తీస్తే ఎంత?' అని బయట నుంచి అడిగారు. ఒకరు కల లోపలి నుంచే కళ్లని రెండుసార్లు తిప్పి జవాబిచ్చారు!

నా మూడు వారాలు

చదవడానికి ఇదంతా బాగానే ఉంది. చేస్తేనే తెలిసింది.

మొదటి వారం కలా లేదు, ఎరుకా లేదు. తలనొప్పి మాత్రం వచ్చింది. రెండోసారి పడుకుంటే నిద్ర పట్టేది కాదు. ఆరింటికి పట్టేది, ఆరుంబావుకి అమ్మాయి స్కూలు టైము. ఆఫీసులో ఒక కథనంలో ఉరవకొండని తీసుకెళ్లి కర్నూలు జిల్లాలో పెట్టేశాను. డెస్కులో చూసి సరిదిద్దారు కాబట్టి సరిపోయింది. ఇంట్లో పాలు రెండుసార్లు పొంగాయి. 'నీ కలలేమో గానీ మాకు కాఫీ లేదు' అన్నారు మా ఆయన. ఆయన కోపంలో న్యాయం ఉంది.

పగలు ఎప్పుడు గుర్తొస్తే అప్పుడు సెల్‌ఫోనులో టార్చి నొక్కి చూసుకునేదాన్ని. వెలిగితే మెలకువ, వెలగకపోతే కల. నా కలలో బ్యాటరీ వెలగదు కదా, అందుకని నాకు నేను పెట్టుకున్న పరీక్ష అది. కలెక్టరాఫీసు మెట్ల మీద పట్టపగలు టార్చి వేసి చూసుకుంటుంటే తోటి విలేకరి ఒకాయన 'ఏం మేడమ్, ఏమన్నా పారేసుకున్నారా?' అన్నాడు.

రెండో వారానికి కలలు గుర్తుండటం మొదలైంది. దిండు పక్కన నోటుబుక్కు పెట్టుకుని రాశాను. ఒక రోజు మెలకువ వచ్చినా కాళ్లూ చేతులూ కదల్లేదు. గుండెల మీద ఎవరో కూర్చున్నట్టనిపించింది. చిన్నప్పుడైతే దయ్యం అనేవాళ్లం. మెదడు మేలుకుని, ఒంటి కట్టు ఇంకా విడవకపోతే జరిగేది ఇదేనని చదివి ఉన్నాను కాబట్టి నిమిషంలో తేరుకున్నాను. కానీ ఆ నిమిషం మాత్రం చదువు ఏమీ గుర్తు రాలేదు.

మీలో ఎవరికైనా ప్రయత్నించాలనిపిస్తే ఒక మాట. మర్నాడు సెలవున్న రాత్రే చెయ్యండి. రోజూ వద్దు. పెద్దవాళ్లకి కనీసం 7 గంటల నిద్ర అవసరం, దాన్ని కోసి కల కొనుక్కోకూడదు. తెల్లారి బండి నడపాల్సిన వాళ్లు, మూర్ఛ ఉన్నవాళ్లు, మనసుకి సంబంధించిన జబ్బులకి మందులు వాడుతున్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా అసలు మొదలుపెట్టొద్దు.

మూడో వారాంతంలో రెండ్రోజులు సెలవొస్తే ఊరికి వెళ్లాను.

అలారం అక్కర్లేని మనిషి

అలవాటు ప్రకారం మూడున్నరకి దిండు కింద సెల్‌ఫోను మోగింది. అమ్మ లేవకుండా ఆపేసి బయటికొచ్చాను. అరుగు మీద నాయన కూర్చుని ఉన్నాడు. దుప్పటి కప్పుకుని, బీడీ కూడా లేకుండా, ఊరికే చీకట్లోకి చూస్తూ.

'ఏం పాపా, అప్పుడే లేసినావే?'

'అలారం పెట్టుకున్నా నాయనా. నువ్వేంది, నిద్ర పట్టలేదా?'

'నాకు అలారం ఎందుకు? రెండైతే మెలకువ అదే వస్తాది.'

కరెంటు పగటిపూటే ఇచ్చే రోజులు వచ్చాయి. సెల్‌ఫోనుతో మోటరు వేసే స్టార్టర్లు వచ్చాయి. మా చీనీ చెట్లు ఎప్పుడో ఎండిపోతే కొట్టించేశారు. ఇప్పుడక్కడ డ్రిప్పు కింద దానిమ్మ ఉంది. అన్నీ మారాయి. నాయన నిద్ర మారలేదు. ఏ బల్బూ వెలగకపోయినా రెండింటికి లేచి కూర్చుంటున్నాడు. మళ్లీ పడుకుంటే ఒకోసారి పడుతుందట, ఒకోసారి లేదట.

నేనెందుకు లేచానో చెప్పాను. లూసిడ్ డ్రీమ్ అనలేదు. 'కలలో ఉండగానే ఇది కల అని తెలుసుకోవాలని' అన్నాను. పిచ్చా అంటాడనుకున్నాను.

'దానికి అలారం ఎందుకు? నాకు శానాసార్లు తెలిసిండాది' అన్నాడు.

నేను పక్కన కూర్చున్నాను.

'ఆ కరువులో, మోటరేసి వచ్చి మంచం మీద వాలేవాణ్ణి. అట్ల కన్ను మూస్తే సాలు, పైపు నిండా నీళ్లు. నాలుగించుల నీళ్లు. తొట్టి నిండి, కాలవ నిండి, గెనాలు తెగి పోతాండేవి. మన బోరుకి అన్ని నీళ్లు యాడివి? ఒకటిన్నర ఇంచి పోసేది గదా. ఓహో, ఇది కలే అనుకుంటాంటి.'

'మరి లేచేవాడివా?'

'ఎందుకు లేస్తా? లేస్తే ఒకటిన్నర ఇంచే గదా. కల అని తెలిసే, లేయకుండా సూస్తా పండుకుంటాంటి.'

నేనేమీ మాట్లాడలేకపోయాను. మూడు వారాలుగా నేను చదివిందంతా ఇదే కదా! ఐదారు గంటల నిద్ర కాకపోయినా నడిరేయి మెలకువ ఉంది. అరగంటో గంటో పని ఉంది. మళ్లీ రెండో నిద్ర ఉంది. కలలో విడ్డూరాన్ని పట్టుకోవడం కూడా ఉంది. పరిశోధకులు మనుషుల్ని ల్యాబుకి పిలిపించి చేయించినదాన్ని మా పీఠభూమి మీద ఊళ్లకి ఊళ్లు ఏళ్ల తరబడి చేశాయి. తేడా ఒక్కటే. ల్యాబులో వాళ్లు ఇష్టపడి లేచారు, మళ్లీ ధీమాగా పడుకున్నారు. నాయన లేవకపోతే తోట పోతుందని లేచాడు, ఒక కన్ను బల్బు మీద పెట్టి పడుకున్నాడు. అతనికి కల దొరికిందేమో గానీ, నిద్ర పోయింది. ఇరవై ఏళ్ల తర్వాత కూడా తిరిగి రాలేదు.

దీపాలు లేని రోజుల్లో యూరప్‌లో జనం రాత్రిని రెండు నిద్రలుగా పంచుకునేవారని అమెరికన్ చరిత్రకారుడు రోజర్ ఎకిర్చ్ 2001లో రాశారు. మొదటి నిద్ర అయ్యాక లేచి, కబుర్లు చెప్పుకుని, కలల గురించి మాట్లాడుకుని మళ్లీ పడుకునేవారట. ఆ రోజు అరుగు మీద మేమూ అదే చేశాం. ఒంట్లో చలి, చేతిలో ఏమీ లేవు, పైన చుక్కలు. ఆ ధైర్యంతోనే ఇరవై ఏళ్లుగా అడగనిది అడిగేశాను.

'నాయనా, ఆ పొద్దు నువ్వు పిలిచినావు. నేను లేవలేదు.'

నాయన అర్థం కానట్టు చూశాడు. వంగని వేళ్ల వైపు నేను చూస్తే అప్పుడు అర్థమైంది.

'నేనెక్కడ పిలిసినా? బడికి పొయ్యే బిడ్డ, ఆదమరిచి నిద్రపోతాండావు. లేపబుద్ధి కాలేదు. నేనే పోతి.'

'పిలిచినావు నాయనా. నాకు బాగా గుర్తు.'

'పిలవలేదు పాపా' అన్నాడు. దుప్పటి సర్దుకుంటూ అన్నాడు. నా మొహం చూడకుండా అన్నాడు.

నాయన నా కోసం అబద్ధం చెప్పాడో, లేక లేవడమే కాదు, ఆ పిలుపు కూడా నా కలలోదేనో... ఇక నాకు ఎప్పటికీ తెలియదు. తెల్లవార్లూ ఆలోచించాల్సిన మాట అది. కానీ విచిత్రంగా, లోపలికెళ్లి పడుకోగానే నిద్ర పట్టేసింది.

బల్బు వెలిగింది. 'పాపా' అన్నాడు నాయన. లేచాను. బ్యాటరీ నొక్కాను. వెలగలేదు. మళ్లీ నొక్కబోయి ఆగాను. ఎప్పుడూ వెలగదు కదా ఇది. అయితే ఇది కల!

ఒక్కసారిగా అంతా తేటపడింది. కొట్టం కప్పులో బోదగడ్డి పుల్ల పుల్లా కనిపించింది. గుండె దడదడలాడింది. వెలగని బ్యాటరీనే పట్టుకుని బయటికి పరిగెత్తాను. 'నాయనా, ఆగు' అన్నాను. నాలుగడుగులు వేశానో లేదో... మెలకువ వచ్చేసింది. కొత్తవాళ్లకి అంతేనట. తెలిసిన సంతోషానికే కల చెదిరిపోతుందట.

స్టార్టరు దగ్గరికి చేరుకోలేకపోయాను. కానీ ఇన్నేళ్లలో మొదటిసారి కేక వినకుండా మెలకువ వచ్చింది. బయట నాయన మోటరు వెయ్యడానికి తోటకి బయల్దేరుతున్నాడు. బాగా తెల్లారింది. 'నేనూ వస్తా' అని వెళ్లాను. స్టార్టరు డబ్బా తెరిచి నేనే నొక్కాను. డ్రిప్పు పైపులు చిన్నగా బుస్సుమన్నాయి.

అనంతపురం వచ్చాక అలారం తీసేశాను. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నాయన్ని డాక్టరుకి చూపించాం. సాయంత్రం టీ మానేయమన్నారు, పగలు కునుకు తగ్గించమన్నారు. మానేశాడు, తగ్గించాడు. వారంలో రెండ్రోజులైనా ఇప్పుడు నాలుగు దాకా పడుకుంటున్నాడని అమ్మ ఫోనులో చెప్పింది. నా మూడు వారాల సాధనలో నాకు దక్కిన అసలు ఫలితం అదే అనుకుంటున్నాను. అరుగు మీద ఆ చీకట్లో కూర్చోకపోతే, ఆ మనిషి ఇంకా రెండింటికే లేస్తున్నాడని మాకెవరికీ తెలిసేది కాదు.

ఆ కల పూర్తిగా పోయిందని చెప్పను. మొన్న ఒకసారి వచ్చింది. ఏ అలారమూ లేకుండా, దానంతట అదే. బల్బు వెలిగింది. బ్యాటరీ నొక్కితే వెలగలేదు. 'సరే, కలే' అనుకున్నాను. ఈసారి పరిగెత్తలేదు. మంచం మీదే ఉండి విన్నాను. ఎక్కడో మోటరు తిరుగుతోంది. తొట్టిలో నీళ్లు పడుతున్న చప్పుడు. మామూలు చప్పుడు కాదు, పైపు నిండా పడుతున్నాయి.

మా బోరుకి అన్ని నీళ్లు లేవని నాకు తెలుసు. లేవకుండా వింటూ పడుకున్నాను.